కార్టిసాల్ పెరిగినంత మాత్రాన కుషింగ్ జబ్బు కాదు

సంపాదకుల గారికి,

ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, బీపీ, షుగర్ రెండూ అదుపు తప్పిన మా మేనత్తకు పొద్దున పూట చేసిన ఒకే ఒక్క రక్తపరీక్షలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కాస్త ఎక్కువగా ఉండడంతో, ఆ హార్మోన్ ఒంట్లో చాలాకాలం అతిగా ఉంటే వచ్చే కుషింగ్ సిండ్రోమ్ అన్నారు. తలకు స్కానింగ్ తీయిస్తే, మెదడు అడుగున ఉండి కార్టిసాల్ తయారీని నడిపించే పీయూష గ్రంథిలో చిన్న మచ్చ కనిపించింది. ఆపరేషన్ మాట వినగానే ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అలాంటి మచ్చలు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ 100 మందిలో సుమారు 10 మందికి ఉంటాయన్న సంగతి మాకెవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లోని హార్మోన్ల డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, ఆమెను గొంతుక్కూర్చొని చేతి ఊతం లేకుండా లేవమన్నారు. కుషింగ్‌లో తొడల కండరాలు బలహీనపడి అలా లేవడం కష్టమవుతుందట. ఆమె లేచింది. ఆ జబ్బులో కనిపించే గుర్తులైన, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు గానీ, చిన్న దెబ్బకే చర్మం కమిలిన గుర్తులు గానీ లేవు. మామయ్య పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు, షుగర్ 300 దాటింది. కుంగుబాటు, స్థూలకాయం, అదుపులేని షుగర్, మద్యం కూడా కార్టిసాల్‌ను పెంచి కుషింగ్‌ను తలపిస్తాయని, మూలం సర్దుకుంటే అదీ దిగుతుందని ఆయన చెప్పారు. రాత్రి 11 గంటలకు కార్టిసాల్ తయారీని అణిచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 1 మిల్లీగ్రాము వేసి, మర్నాడు పొద్దున 8 గంటలకు రక్తం తీస్తే కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపే, అంటే మామూలుగానే, వచ్చింది. రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజల పరీక్షా మామూలే. అసలు కుషింగ్‌లో రాత్రికి తగ్గవలసిన కార్టిసాల్ తగ్గదు, సాధారణంగా ఆ మాత్రకూ లొంగదు.

మన జిల్లాలో ఇంతకన్నా కలవరపెట్టేది మరొకటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లలో కొందరు కాగితం పొట్లాల్లో దొరికే పేరులేని నొప్పి మాత్రలు నెలల తరబడి మింగుతారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది గానీ, ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ అడుగంటుతుంది. భయపడి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికే రావచ్చు. అందుకే ఏ పరీక్షకైనా ముందు ఏ మాత్రలు, ఏ సూదులు, ఏ పూతమందులు వాడుతున్నారని అడగాలి.

మందుల వల్ల కాక ఒంట్లోనే పుట్టే నిజమైన కుషింగ్ అరుదు, ఏటా 10 లక్షల మందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుంది, కానీ వస్తే ఆలస్యం చేయరాదు. ముఖ్యంగా ఎత్తు ఆగిపోయి బరువు మాత్రమే పెరుగుతున్న పిల్లలను వెంటనే చూపించాలి. ఆ పొట్లాల మాత్రల అమ్మకంపై జిల్లా అధికారులు తనిఖీలు జరపాలని, డాక్టరు చీటీ లేకుండా కార్టిసాల్ పరీక్షలు చేయవద్దని ల్యాబులకు చెప్పాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, నల్లగొండ