మా ఇంటి నేల కింద

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "చెక్క ఇల్లేంట్రా, నడిస్తే ఊగదూ?" అన్నావు కదా. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఇక్కడ ఒహాయోలో మా ఇంటికి ఇప్పుడు నేల వేస్తున్నారు. రోజూ ఆఫీసు నుంచి సరాసరి సైటుకే పోతున్నాను.

కింద బేస్‌మెంటుకు కాంక్రీటు గోడలు. అక్కడి నుంచి పైకంతా కలపే. ముందు ఆ గోడల మీద మందు పట్టించిన చెక్క పరిచి, బోల్టులతో కాంక్రీటుకు బిగించారు. తడి తగిలినా పుచ్చకుండా ఆ మందు. బోల్టుకీ బోల్టుకీ మధ్య ఆరడుగులు మించకూడదు. ఆ చెక్క మీద జాయిస్టులు నిలబెడతారు. అవి మన దూలాల్లాంటివే, కాకపోతే పలచనివి. పేరుకు టూ బై టెన్, అంటే రెండంగుళాలకు పదంగుళాలు, కానీ టేపు పెడితే మందం 1.5 అంగుళాలు, ఎత్తు 9.25 అంగుళాలు. 16 అంగుళాలకొకటి. ప్రతి చెక్కకీ కొంచెం వంపు ఉంటుంది కదా, మేస్త్రీ ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టుకుని చూసి, ఉబ్బు పైకి వచ్చేలా పెట్టాడు. బరువు పడ్డాక అది సమం అవుతుందట. ఆ ఓపిక చూసి నాకు ఎంత ముచ్చటేసిందో!

నీ ప్రశ్నకు వస్తాను. ఇక్కడ నేల విరగకుండా ఉంటే చాలదు, ఊగకూడదు కూడా. హాల్లో చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు పడుతుందని లెక్క. అంత బరువు పడినా జాయిస్టు తన పొడవులో 360వ వంతు కన్నా ఎక్కువ వంగకూడదు. మా హాలు 14 అడుగులు, అంటే అరంగుళం లోపే. మీ తాతగారి పెంకుటింట్లో అటక మీద గెంతితే పలకలు ఎలా ఊగేవో గుర్తుందా? ఇక్కడ జాయిస్టుల మీద జిగురు రాసి మరీ ముప్పావు అంగుళం చెక్క పలకలు పరిచి స్క్రూలు బిగిస్తారు. జిగురు లేకపోతే కొన్నాళ్లకు అడుగడుగునా కిర్రుమంటుంది.

పోయిన గురువారం మాత్రం గుండె ఆగినంత పనయింది. బాత్రూం పైపు కోసం ప్లంబరు ఒక జాయిస్టును కింది అంచున, సరిగ్గా నడిమధ్యలో మూడంగుళాలు కోసేశాడు. నువ్వు శ్లాబు నడుమ రాడ్లు కింది వైపే ఎందుకు వేస్తావు? బరువు పడితే లాగబడేది అక్కడే కాబట్టి. కలపలో రాడ్లుండవు, అడుగున ఉన్న ఆ కలప నారలే రాడ్లు. వాటిని కోస్తే నీ శ్లాబులో ఇనుము తెంపినట్టే. అందుకే పొడవులో నడిమి మూడో వంతున అంచు అసలు కోయకూడదు. పైపుకు రంధ్రమే కావాలంటే ఎత్తుకు మధ్యలో పెట్టుకోవచ్చు, అదీ ఎత్తులో మూడో వంతు మించకుండా, అంచులకు రెండంగుళాలు వదిలి. అక్కడ లాగుడూ తక్కువే, నొక్కుడూ తక్కువే.

నేను ఊరుకోలేదు. ఫోటోలు తీసి సూపర్‌వైజరుకు చూపించాను. ఆయన వాదించకుండా, పైపు దారి మార్పించి, పక్కనే ఆ చివర నుంచి ఈ చివర దాకా కొత్త జాయిస్టు జోడించి బిగించాడు. ఇన్‌స్పెక్టరు చూసి సరే అన్నాకే నాకు నిద్ర పట్టింది. సీలింగు మూసేశాక అది ఎవరికీ కనిపించేది కాదురా.

ఇప్పుడు నీతో పని పడింది. పూజగదిలో గ్రానైట్ వేయాలని సుజాత కోరిక. రాయి వంగదు, పగులుతుంది. అందుకని రాతి నేలకు 720వ వంతు లెక్క చూస్తారు, అంటే రెండింతలు గట్టిగా ఉండాలి. అక్కడ జాయిస్టులు 12 అంగుళాలకొకటి పెట్టమన్నాను. గది కొలతలు, రాయి మందం వాట్సాప్‌లో పంపుతాను. ఒకసారి లెక్క వేసి చెప్పు, సోమవారం లోపు. మంగళవారం చెక్క పలకలు పరిచేస్తారు.

నీ
రవి