రాజమండ్రిలో కొత్తగా దిగినవాడికి

రావులపాలెం,
ఆదివారం.

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. ఊరు బాగుంది, మనుషులు బాగున్నారు, సాయంత్రం ఆరయ్యేసరికి మాత్రం ఎవరి గుమ్మం ఎక్కాలో తెలీట్లేదు అని రాశావు. వరంగల్ నుంచి దిగి రెండు నెలలేగా అయింది, అంతేలే. మా గోదారివాళ్లతో పలకరింపు ఐదు నిమిషాల్లో కుదిరిపోతుంది. స్నేహానికి మాత్రం ఆర్నెల్లు పడుతుంది. ఈ తేడా తెలీకే కొత్తవాళ్లు బెంగెట్టుకుంటారు.

ముందు "మా ఇంటికి రండి" సంగతి చెప్తా. అది ఇక్కడ నమస్కారం లాంటిది. "అలాగేనండి, తప్పకుండా" అని ఊరుకో. నిజంగా పిలిచినవాడు రోజు చెప్తాడు, పూట చెప్తాడు, కూర కూడా చెప్తాడు. "ఆదివారం మధ్యాహ్నం వచ్చెయ్యండి, పులస తెప్పిస్తన్నాం" అన్నాడనుకో, ఉన్న పని మానుకుని వెళ్లు. వరదనీరు వచ్చే ఆ రెండు మూడు నెలల్లోనే దొరికే చేప అది, ఒక్కోటి వేలల్లో పలుకుతుంది. దాన్ని మాటవరసకి ఎవడూ ఎత్తడు.

పక్కవాటావాళ్లు పులుసో పులిహోరో స్టీలు గిన్నెలో పెట్టి పంపిస్తారు. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకు. అలాగని మర్నాడే నింపి పంపితే బాకీ తీర్చేసినట్టుంటుంది. రెండు మూడు రోజులు ఆగి, మీ ఇంట్లో సకినాలు చేసినప్పుడు నాలుగు వేసి పంపు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా చాలు. సకినాలైతే "ఇవేంటండీ, ఎలా చేస్తారు?" అని వాళ్లే నీ గుమ్మంలోకి వస్తారు. చెల్లెమ్మకి ఈ మాట గట్టిగా చెప్పు, ఎందుకంటే మా వైపు అపార్టుమెంట్లలో సగం స్నేహాలు గిన్నెల రాకపోకలే.

నువ్వు చేయాల్సిందల్లా ఒకే చోటికి ఒకే వేళకి రోజూ వెళ్లడం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి పొద్దున్నే నడవడానికి బోలెడుమంది వస్తారు. ఒకరోజు ఐదున్నరకీ ఇంకోరోజు ఏడుకీ వెళ్తే రోజుకో మొహం కనపడుతుంది, ఎవరూ గుర్తుపెట్టుకోరు. టైము మార్చకుండా మండలం రోజులు వెళ్లు. మొదటి వారం తలూపుతారు, మూడోవారం "నిన్న కనపళ్ళేదేంటండీ" అంటారు. ఆ మాట వచ్చిన రోజున నడక అయ్యాక టీ దగ్గర ఆగు. అసలు పరిచయాలన్నీ ఆ టీ బండి దగ్గరే. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాత్రం తిరగకు, నిన్ను పలకరించాలనుకున్నవాడు కూడా పక్కకి తప్పుకుంటాడు.

గౌతమీ గ్రంథాలయం చూశావా? 1898 నాటి వాసురాయ గ్రంథాలయం దానికి మూలం. తాళపత్రాలు కూడా ఉన్నాయి. పేపర్లు చదివే బల్ల దగ్గర రిటైరైన మేష్టార్లు కూర్చుంటారు. ఊళ్లో సాహిత్య సభ ఎక్కడ, నాటకం ఎప్పుడు, పిల్లలకి సంగీతం ఎవరు బాగా చెప్తారు అన్నీ వాళ్లకి తెలుసు. సభకి వెళ్తే పది నిమిషాలు ముందు వెళ్లి కుర్చీలు వేయడంలో ఓ చెయ్యి వెయ్యి. వెనక వరసలో కూర్చుని వచ్చేస్తే పదిసార్లు వెళ్లినా అతిథిగానే మిగిలిపోతావు.

వర్షాకాలంలో ఇక్కడ అందరినీ కలిపేది గోదారే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ కంఠతా పట్టు. జులై, ఆగస్టుల్లో ఏ కొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. "భద్రాచలంలో ఎంతుందంటారు?" అని అడిగావంటే గంట గడిచిపోతుంది. గోదారి మధ్యలో ఉండే లంక గ్రామాలు మునిగినప్పుడు జనం పులిహోర పొట్లాలు కట్టి పంపుతుంటారు. డబ్బులిచ్చి వచ్చేయకు, కూర్చుని పొట్లాలు కట్టు. 2015 తర్వాత పుష్కరాలు మళ్లీ 2027లో. అప్పుడు ఘాట్ల దగ్గర సేవకి మనుషులు కావాలి, ముందే ఎవరితోనైనా చెప్పి ఉంచు.

ఇంకో ముచ్చట, ఇది మాత్రం చేదే. ఇంటిపేరు అడిగాక "మీరేవిట్లండీ?" అంటారు. కులం అడగడమన్నమాట. కార్తీకమాసంలో వనభోజనాలు కూడా చాలావరకు కులాలవారీగానే పెట్టుకుంటారు. పిలిస్తే వెళ్లాలో వద్దో నీ ఇష్టం. కానీ ఊరు తెలియకముందే ఒక గుంపులో మనిషివన్న ముద్ర పడితే మిగతా గుమ్మాలు నెమ్మదిగా మూసుకుంటాయి. అపార్టుమెంటువాళ్లంతా కలిసి వెళ్లే వనభోజనాలకైతే వంటసామాన్ల పని నెత్తినేసుకుని మరీ వెళ్లు.

బదిలీ మీద వచ్చిన బ్యాంకువాళ్లు, రైల్వేవాళ్లు, ఓఎన్‌జీసీవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లదీ నీ బాధే కాబట్టి తొందరగా కలిసిపోతారు. మూడేళ్లకి బదిలీ అయి వెళ్లిపోతారు కూడా. అందుకని పూర్తిగా వాళ్లమీదే ఆధారపడకు.

పరిచయమైన నెలలోపే చీటీలో చేరమని ఎవరో ఒకరు అడుగుతారు. మొహమాటపడకు. రిజిస్టరైన చీటీ అయితే 1982 చట్టం కిందకి వస్తుంది, నడిపేవాడి కమీషను 7 శాతం దాటకూడదు. ఇంటిదగ్గర నోటు పుస్తకంలో రాసుకునే చీటీ మునిగితే డబ్బుతోపాటు నలుగురితో మాటలూ పోతాయి. చెల్లెమ్మకి పొదుపు సంఘం మీద మనసుంటే వార్డులో మెప్మా ఆర్పీ, అంటే పట్టణాల్లో పొదుపు సంఘాలు చూసే ప్రభుత్వ సంస్థ తరఫు మనిషి, ఎవరో కనుక్కోమను. సంఘానికి 10 నుంచి 20 మంది ఉంటారు. పాత సంఘాలు కొత్తవాళ్లని చప్పున చేర్చుకోవు, కొత్తగా కట్టే సంఘంలోనైతే చోటు దొరుకుతుంది.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పేరు, ఫ్లాటు నంబరు, మీ ఇద్దరి బ్లడ్ గ్రూపు, ఈ మూడూ రాసి ఊరుకో. రాజకీయాలు పంపకు. అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే 108 కొట్టి, వెంటనే పక్కవాటా తలుపు కూడా కొట్టు. ఇక్కడ అలా కొట్టకపోతేనే నొచ్చుకుంటారు. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు.

ఇక వెటకారం. నీ యాసని వెక్కిరిస్తారు, నీ టిఫిను బాక్సునీ వెక్కిరిస్తారు. మొహం ముడుచుకోకు. పరాయివాడితో మావాళ్లు "ఆయ్, అలాగేనండి" అని మర్యాదగానే మాట్లాడతారు. వెటకారం మొదలైందంటే నిన్ను లెక్కలోకి తీసుకున్నట్టే. నువ్వూ ఒకటి తగిలించు, కానీ "అండీ" మాత్రం వదలకు. మీ వైపు పెద్దవాళ్లని "నువ్వు" అని పిలిచినా ప్రేమే, ఇక్కడ అది మొరటుగా వినపడుతుంది.

వచ్చే ఆదివారం పదకొండు గంటలకల్లా ఆర్టీసీ కాంప్లెక్సులో రావులపాలెం బస్సెక్కండి. పన్నెండున్నరకి భోజనం, కొరమీను పులుసు. రోజు చెప్పాను, పూట చెప్పాను, కూర కూడా చెప్పాను. చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకురా. పోయినసారి పంపిన క్యారేజీ కూడా పట్రా.

నీ,
సుబ్బు