ఒకటో తరగతి టీచరైన నా బిడ్డకు

బిడ్డా,

ఫోన్లో చెబుదామంటే మీ తండాలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, అందుకే కాగితం పట్టుకున్నాను. పిల్లలకు ఇప్పటికి ఏం వచ్చో చూసే బేస్‌లైన్ పరీక్ష పెట్టి ఫార్మాట్ నింపి పంపమన్నారని, ఒకటి రెండు తరగతుల పిల్లల్లో సగం మంది నోరే విప్పలేదని, వాళ్లందరికీ ‘రాదు’ అని రాసేయాలా అని అడిగావు. అప్పుడే రాసేయకు. గడువు ఇంకా వారం ఉందన్నావు కదా, ఆ వారం చాలా పనికొస్తుంది.

ఈ పరీక్షలు, చెక్‌లిస్టులు, రిజిస్టర్లు ఎవరి కోసం అంటే స్టాఫ్‌రూంలో వినిపించే జవాబు ఒకటే: పైవాళ్ల కోసం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ అదే విన్నాను. నా లెక్క మాత్రం వేరు. రేపు పొద్దున ఏ పిల్లకు ఏం చెప్పాలో నీకు తెలియాలి. అది తెలిపితేనే అది సాధనం. లేకపోతే ఎంత నీటుగా నింపినా బీరువాలో పడుండే కాగితమే.

అక్షరాలతో మొదలుపెడదాం. చార్టు దగ్గర నిలబెడితే ‘అ అమ్మ, ఆ ఆవు’ అని గడగడా చెప్పేసే పిల్లలు నీ క్లాసులోనూ ఉండే ఉంటారు. అంగన్‌వాడీలో పాటలాగా నేర్చుకుని వచ్చినవాళ్లు. అరచేత్తో బొమ్మ మూసేసి అక్షరం మీద వేలు పెట్టి అడుగు. కొందరు ఠక్కున చెబుతారు. కొందరు ఆగిపోయి నీ ముఖం వంక చూస్తారు. ఇంకొందరు పెదవులు కదుపుతూ ‘అ’ దగ్గర్నుంచి లోలోపల పాడుకుంటూ వచ్చి, ఆ అక్షరం దగ్గర ఆగి చెబుతారు. మొదటివాళ్లకు అక్షరం వచ్చు. రెండోవాళ్లకు బొమ్మ వచ్చు. మూడోవాళ్లకు వరుస వచ్చు, అక్షరం సగం వచ్చు. నీ ఫార్మాట్‌లో ఈ ముగ్గురికీ ఉన్నవి రెండే గడులు. అందుకని ఫార్మాట్ పక్కన నీకంటూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకో. దాంట్లో ఒక్కొక్కరికి రెండు పేజీలు వదులు.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో వాడుతున్న చదువు కాగితం తెలుసు కదా. అంత చిన్న సాధనం అన్ని పల్లెల్లో పనికొచ్చిందంటే దాని తెలివి అడిగే వరుసలో ఉంది. ముందు పేరా చదవమంటారు. చదివితే కథ ఇస్తారు. పేరా దగ్గర తడబడితే పదాలకు దిగుతారు, అదీ కాకపోతే అక్షరాలకు. పదాల్లోనూ అక్షరాల్లోనూ అయిదింటికి నాలుగు చెబితే చాలు, వచ్చినట్టే లెక్క. అంటే పిల్ల ఎక్కడ ఓడిపోయిందో రాసుకోవడానికి కాదు, ఎక్కడిదాకా నిలబడగలదో చూడటానికి. మన తెలంగాణలో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పుడు బేస్‌లైన్ పెట్టమన్నదీ అందుకే, పిల్లల స్థాయి చూసి బోధన అక్కడ్నుంచి ఎత్తుకోమని. నువ్వు కూడా ఒక్కొక్కరినే పిలువు. అందరి ముందు నిలబెట్టి చదివిస్తే నీకు కొలిచి దొరికేది భయమే.

స్టాప్‌వాచ్ సంగతి కూడా చెప్పాలి. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో, చదివే వేగం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంటుంది. మన భాషలో ఒక్క ‘వెళ్లిపోతున్నప్పుడు’ అన్న పదంలో మూడు జంటాక్షరాలున్నాయి. దాన్నీ ‘ఆవు’నూ ఒకే పదంగా లెక్కిస్తే పిల్లకు అన్యాయం జరగదా? 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి 20 భాషల్లో చదివించి చూసినప్పుడు భాషకొక ప్రమాణం పెట్టుకున్నది ఇందుకే. నిమిషం లెక్క రాయమంటే రాయి, టెన్షన్ పడకు. కానీ దాని పక్కనే ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకో: దీర్ఘం వదిలేసిందా, ఒత్తు మింగేసిందా, ‘ప’ను ‘ష’ అనుకుందా. చదివాక ఒక్క ప్రశ్న అడుగు. వేగంగా చదివి ఏమీ చెప్పలేని పిల్ల, మెల్లగా చదివి కథంతా చెప్పే పిల్ల ఒకటి కాదు.

ఇప్పుడు నోరు విప్పని పిల్లల సంగతి. తండా పిల్లలు ఇంట్లో గోర్‌బోలి, అదే లంబాడీ భాష మాట్లాడతారు. నీ ప్రశ్న తెలుగులో, అదీ పుస్తకం తెలుగులో. వాళ్లు మాట్లాడకపోతే తెలియదని ఎట్లా అనుకుంటాం? ఇంటర్వెల్‌లో బోరింగు దగ్గర నిలబడి చూడు. క్లాసులో బొమ్మలాగా కూర్చున్న పిల్లే అక్కడ ఆట నడిపిస్తుంటుంది, తగువు తీరుస్తుంటుంది, ఏక్, ది, తీన్ అని గోటీలు పంచుతుంటుంది. పంచడంలో ఎవరికీ తేడా రాదు. ఆ పిల్లకు లెక్క వచ్చు, ఆ లెక్కకు తెలుగు పేర్లు ఇంకా రాలేదు. నీ పుస్తకంలో అట్లాగే రాయి. అయిదో తరగతిలోని అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టుకుని నీ ప్రశ్న వాళ్ల మాటలో అడిగించు. వచ్చిన జవాబు బేస్‌లైన్‌లో రాయొచ్చా అని అడుగుతావేమో. లెక్కల్లో నిక్షేపంగా రాయొచ్చు. తెలుగు చదవడంలో మాత్రం తెలుగులోనే చూడాలి, కానీ ఈ వారం కాదు. ముందు వాళ్లు నీతో మాట్లాడనీ.

పరిశీలన రిజిస్టర్‌లో చాలామంది రాసేవి చూశాను. ‘చురుకైన విద్యార్థి’. ‘అల్లరి ఎక్కువ’. ‘శ్రద్ధ పెట్టాలి’. ఇవి పిల్ల గురించి ఏమీ చెప్పవు, ఆ పూట టీచరమ్మ ఓపిక గురించి చెబుతాయి. చూసింది రాయి, అనుకున్నది రాయకు. ఇట్లా: ‘మధ్యాహ్న భోజనం ముందు ప్లేట్లు ఒక్కొక్కటి ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. పన్నెండు తర్వాత పద్నాలుగు అన్నాడు. పక్క పిల్ల నవ్వితే మళ్లీ మొదటి ప్లేటు నుంచి లెక్కించాడు. మళ్లీ అక్కడే తప్పాడు.’ నాలుగే వాక్యాలు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పున లెక్కించడం వచ్చని, పదమూడు జారిపోతోందని, తప్పు అంటే అలిగి వదిలేసే రకం కాదని అన్నీ అందులోనే ఉన్నాయి. రేపు వాడికి ఏం చెప్పాలో వేరే పరీక్ష పెట్టక్కర్లేదు. రోజుకు ముగ్గురు నలుగురి గురించి రాస్తే చాలు, రెండు వారాలు తిరిగేసరికి అందరూ వస్తారు. ఎవరి పేజీ ఖాళీగా ఉందో వాళ్లను నువ్వు చూడటం లేదన్నమాట. ఎప్పుడూ మధ్యలోవాళ్ల పేజీలే ఖాళీగా ఉంటాయి. బాగా చదివేవాళ్లూ బాగా అల్లరి చేసేవాళ్లూ ఎట్లాగూ కంట్లో పడతారు.

చెక్‌లిస్టు చెడ్డది కాదు, నెలాఖరున ఒకే పెన్నుతో ఒకే పూటలో నింపితేనే చెడ్డది. టిక్కు బదులు తేదీ వెయ్యి. ‘రెండు సూచనలు వరుసగా విని చేస్తుంది’ అన్న చోట చూసిన రోజు తేదీ వేశావంటే అబద్ధం రాయాలన్నా చెయ్యి రాదు.

డీఎడ్ ట్రైనింగ్‌లో, పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చెప్పిన పియాజె గురించి పరీక్ష కోసం బట్టీ పట్టావు, ఇప్పుడు చింతపిక్కలతో చేసి చూడు. ఆరు పిక్కలు ఒక వరుస, దాని ఎదురుగా ఆరు ఇంకో వరుస. సమానమేనా అంటే అవునంటారు. ఒక వరుసను కాస్త ఎడంగా జరిపి మళ్లీ అడుగు. ఆరేళ్ల లోపు పిల్లలు చాలామంది పొడుగు వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. టీచరు అదే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటి జవాబు తప్పేమోననుకుని మార్చేసే పిల్లలూ ఉంటారు. కాబట్టి ముందు అడగకుండా, జరిపాక ఒక్కసారే అడిగి, ‘ఎందుకట్లా అన్నావు?’ అని ఆగు. ‘నువ్వు జరిపావు గానీ తియ్యలేదు కదా మేడం’ అన్న పిల్ల దగ్గర ఇంక అడగాల్సిందేమీ లేదు.

రెండో తరగతి వాళ్ల నోటుబుక్కుల్లో తప్పులు దిద్దేటప్పుడు ఇంటూ కొట్టే ముందు ఒక్క క్షణం చూడు. 41లోంచి 13 తీస్తే 32 అని రాసిందనుకో. ఒకట్లోంచి మూడు పోదు కాబట్టి మూడులోంచే ఒకటి తీసేసింది. అజాగ్రత్త కాదది, పిల్ల తనకు తాను కట్టుకున్న సూత్రం. ఇంకో నాలుగు లెక్కలు ఇచ్చి చూడు, నాలుగూ అట్లాగే చేస్తుంది. నూట అయిదును 1005 అని రాసేవాడూ అంతే, వంద రాసి పక్కన అయిదు రాశాడు, విన్నది విన్నట్టు. ఇద్దరికీ సున్నా మార్కులే, కానీ ఒకరికి కట్టలూ పుల్లలూ ఇచ్చి ఒక కట్ట విప్పించాలి, ఇంకొకరికి స్థానాల గళ్లు గీసి ఇవ్వాలి. మార్కుల రిజిస్టరు ఈ తేడా చెప్పదు.

ఎఫ్ఏకు, అంటే చదువు సాగుతుండగా చేసే మూల్యాంకనానికి, నాలుగు సాధనాలని ఉంటాయి: పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. చిన్న తరగతుల్లో మొదటి రెండూ నిజాయితీగా చేస్తే చాలావరకు అయిపోతుంది. ప్రాజెక్టు పని పేరుతో ఇంటికి చార్టులు పంపకు. పత్తి ఏరి వచ్చిన తల్లి రాత్రి కూర్చుని అతికించిన బొమ్మలకు నువ్వు మార్కులు వేయాల్సి వస్తుంది.

పోర్ట్‌ఫోలియో అన్నది పెద్ద మాట, కావాల్సింది పిల్లకొక అట్ట ఫైలు. మనిషి బొమ్మ గీయించి వెనక పెన్సిల్‌తో తేదీ వేసి పెట్టు. ఇప్పుడు కొందరు గుండ్రటి తలకాయకే కాళ్లు తగిలిస్తారు. సంక్రాంతికి మెడా పొట్టా వస్తాయి, వేసవికి వేళ్లు, జడ, చెవులకు కమ్మలు. బాగున్నవే ఏరి పెట్టే అలవాటు కొందరికి ఉంది. ఆ పని మాత్రం చెయ్యకు, మొదటి బొమ్మ లేకపోతే చివరిది దేనితో పోల్చి చూస్తావు? పిల్లలు తమకు తామే మార్కు వేసుకునే నవ్వుముఖాల కాగితాలు వస్తాయి కదా, ఒకటో తరగతి వాళ్లంతా నవ్వుముఖానికే రంగు వేస్తారు. వేసుకోనీ. దాన్ని నమ్మి ఏమీ తేల్చకు.

విద్యాహక్కు చట్టం 2009లోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం అని రాసింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఇంకో అడుగు వేసి, ఈ దశ పిల్లలకు, అంటే రెండో తరగతి దాకా, పరీక్షలు అసలు తగవని చెప్పింది, పరిశీలనా పిల్లలు చేసిన పనులూ చూడమంది. ఎవరైనా ఒకటో తరగతికి ర్యాంకుల లిస్టు గోడకు అంటించమంటే ఈ మాట మర్యాదగానే చెప్పు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో సీనియర్లు నవ్వితే నవ్వనీ.

బోర్డు మీదిది చూసి రాయలేని పిల్లను మందబుద్ధి అని రాసే ముందు, మొదటి బెంచీలో కూర్చోబెట్టి చూడు. కళ్లు చిన్నవి చేసి చూస్తోందా, తల ఒక పక్కకు వంచుతోందా? వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? ఏమైనా తేడా కనిపిస్తే బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే పథకం డాక్టర్ల బండి వచ్చేదాకా ఆగకుండా పీహెచ్‌సీకి పంపించు, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూసే భవిత కేంద్రం టీచరుకు ఫోన్ చెయ్యి. జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. గమనించి, చూడగలిగేవాళ్ల దగ్గరికి చేర్చడం మన పని. అంగన్‌వాడీ టీచరుతో కూడా ఒక పూట మాట్లాడు. ఏ పిల్ల బరువు తగ్గింది, ఎవరికి మాటలు ఆలస్యంగా వచ్చాయి అన్నది ఆమెకు నోటికి తెలుసు, నీ ఫార్మాట్‌లో అడగరు.

తల్లిదండ్రుల మీటింగులో ‘మీ వాడు సి గ్రేడ్’ అని మొదలుపెట్టావంటే ఆ తండ్రి ఇంటికెళ్లి పిల్లవాణ్ని కొడతాడు. ఫైలు తెరిచి జూన్ బొమ్మ, ఈ నెల బొమ్మ పక్కపక్కన పెట్టు. ‘ఇరవై దాకా లెక్కపెడుతున్నాడు, పదమూడు మాత్రం వదిలేస్తున్నాడు, మీరు మేకల్ని తోలేటప్పుడు లెక్కపెట్టించండి’ అని చెప్పు. పలక పట్టని తల్లి కూడా ఆ పని చేయగలదు.

సరే, ఫార్మాట్ గురించి. శుక్రవారం దాకా ఆగి, నీకు నిజంగా తెలిసిన వాళ్లవి నింపు. ఇంకా మాట్లాడని ముగ్గురు నలుగురికి రిమార్కుల గడిలో ‘మాతృభాష లంబాడీ, మళ్లీ చూడాలి’ అని రాసి తేదీ వేసి పంపు. ఖాళీ ఎందుకుందని ఫోన్ వస్తే నీ నోట్‌బుక్ చూపిస్తానని చెప్పు. ఆన్‌లైన్‌లో రిమార్కుల గడి లేకపోతే మధ్యాహ్నం నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు ఏం చేయాలో మాట్లాడుకుందాం. కారప్పొడి, నువ్వుల ఉండలు బస్సులో పంపిస్తున్నాను, డ్రైవర్ నంబరు నాన్న మెసేజ్ పెడతాడు. చింతపిక్కలు కూడా ఒక డబ్బా వేశాను, మీ స్కూల్లో లేకపోతే వాడుకో.

అమ్మ