నడుస్తున్న బగ్గీని ఎందుకు విప్పాం?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

"బాగానే తిరుగుతున్న బండిని ఎందుకు విప్పేశారు మేడమ్?" అని ఈ నెలలో చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కిందటేడు మన పిల్లలు వర్క్‌షాపు మాస్టారితో కలిసి కట్టిన బగ్గీ (బైకు ఇంజనుతో నడిచే చిన్న బండి) వెనక భాగం ఇప్పుడు ముక్కలుగా బల్ల మీద ఉంది. 8, 9 తరగతుల పిల్లలు దానికి ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెడుతున్నారు. అంటే వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా పైకీ కిందికీ కదిలేలా మారుస్తున్నారు. పదో తరగతి వాళ్లెవరినీ ఇందులోకి తీసుకోలేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇన్నాళ్లూ ఆ బండికి వెనక ఒకే ఇరుసు ఉండేది. బైకు ఇంజను నుంచి చైను వచ్చి ఆ ఇరుసు మీదున్న పళ్లచక్రాన్ని తిప్పేది. ఎడ్లబండిలో లాగే, ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది కూడా ఒరిగేది. ఇరుసు, పళ్లచక్రం, బ్రేకు డిస్కు బరువంతా చక్రాలతో పాటే ఎగిరిపడేది.

ఒకే ఇరుసు నాసిరకం అని నేననను. మీలో చాలామంది విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లే, కమాన్ కట్టల మీద లారీ ఇరుసు ఎంత బరువు మోస్తుందో నాకంటే మీకే తెలుసు. కొండలెక్కే మహీంద్రా థార్‌కు కూడా వెనక ఒకే ఇరుసు. అది గట్టిది, రిపేరు తేలిక. కానీ లారీ బరువులో ఇరుసు చిన్న భాగం. మన బగ్గీ తేలికది, దానికి ఆ ఇరుసు బరువే ఎక్కువ. గుంత దాటిన ప్రతిసారీ ఆ దెబ్బ సీటుకు, నడిపేవారి నడుముకు తగిలేది.

కొత్త పద్ధతిలో పళ్లచక్రం, బ్రేకు డిస్కు ఉన్న షాఫ్టు (తిరిగే కడ్డీ) రెండు బేరింగుల మధ్య ఛాసిస్‌కే, అంటే బండి చట్రానికే, బిగుసుకుని ఉంటుంది. దాని చెరో చివర నుంచి ఒక్కో షాఫ్టు చక్రం దాకా వెళ్తుంది. ఒక్కో చక్రాన్ని ఒక్కో ఇనప ఆర్మ్ పట్టుకుంటుంది. దాని ముందు చివర ఛాసిస్‌కు బిగించిన బుష్‌ల (గొట్టం లాంటి ముక్కల) మీద కదులుతుంది. షాఫ్టులు పాత మారుతి 800 ముందు చక్రాలవి. ఆ కారులో కుడి, ఎడమ షాఫ్టుల పొడవు వేరు కాబట్టి ఒకే వైపువి రెండు తీసుకున్నాం. షాఫ్టును కోసి అతికించడానికి మాస్టారు ససేమిరా ఒప్పుకోలేదు. అతుకు తిరుగుడుకు తట్టుకోకపోతే ప్రమాదం. అందుకని షాఫ్టు పొడవును బట్టే ఆర్మ్‌లు ఎక్కడ రావాలో నిర్ణయించారు.

నాకు అన్నిటికంటే నచ్చింది, గ్రైండర్ ముట్టుకోకముందు జరిగిన పని. పిల్లలు వర్క్‌షాపు నేల మీద సుద్దతో బండి వెనక భాగాన్ని అసలు కొలతల్లోనే గీశారు. షాఫ్టుకు రెండు చివర్లా వంగే జాయింట్లుంటాయి. లోపలి జాయింటుకూ బయటి జాయింటుకూ మధ్య అడ్డంగా 40 సెంటీమీటర్లు. చక్రం 9 సెంటీమీటర్లు పైకి లేస్తే ఆ దూరం ఎంతవుతుంది? 40 వర్గం 1600, 9 వర్గం 81, మొత్తం 1681, అంటే సరిగ్గా 41 వర్గం. షాఫ్టు ఒక సెంటీమీటరు సాగాలి! ఇనుము సాగదు కదా అని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. మారుతి షాఫ్టులో లోపలి జాయింటు లోపలికీ బయటికీ జారేలా ఎందుకు చేశారో అప్పుడు అందరికీ అర్థమైంది. పైథాగరస్ సిద్ధాంతం ఇలా చేతికి తగిలితే పిల్లలు దాన్ని మరిచిపోరని నా నమ్మకం.

ఒక్కో షాఫ్టుకు రెండు జాయింట్లు ఎందుకన్నది ఇంకో ప్రశ్న. దీనికి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కథ చెప్పాం. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఆ కారు భాగాల మీదే ఫైబర్‌గ్లాస్ బగ్గీ కట్టాడు. అప్పటి బీటిల్‌లో జాయింటు గేర్‌బాక్సు పక్కన మాత్రమే ఉండేది. చక్రం కిందికి దిగితే నిటారుగా ఉండక దాని అడుగు భాగం లోపలికి ముడుచుకునేది, మలుపులో అది ప్రమాదం. 1969 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన బీటిల్‌కు షాఫ్టుకు రెండేసి జాయింట్లు పెట్టారు. మన బండిలో ఆర్మ్ పక్కలకు వాలకుండా పైకీ కిందికీ మాత్రమే ఊగుతుంది కాబట్టి ఛాసిస్ సమంగా ఉన్నంతవరకూ చక్రం నిటారుగానే ఉంటుంది.

ఇంట్లో పిల్లలు "చక్రాలు విడిగా తిరుగుతాయి" అంటే సరిదిద్దండి. విడిగా కదులుతాయి, కానీ కలిసే తిరుగుతాయి. మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఇప్పుడూ లేదు. మెత్తటి మట్టిలో అది పెద్ద ఇబ్బంది కాదు.

ఆర్మ్‌లు తయారయ్యాయి. ఇంకా షాకబ్జర్లు ఎక్కడ బిగించాలో తేలాలి. ఆర్మ్ మధ్యలో బిగిస్తే చక్రం 9 సెంటీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు నాలుగున్నరే నొక్కుకుంటుంది. దాని గట్టిదనం చక్రం దగ్గర నాలుగో వంతే ఉంటుంది. పిల్లలు ఆ లెక్క చేస్తున్నారు. మీ దగ్గర ఒకే మోడల్ బైకువి, ఆయిల్ కారని షాకబ్జర్లు జత ఉంటే ఇవ్వండి. లేత్ మిషన్ ఉన్నవారు బుష్‌లకు సాయం చేస్తే మేలు.

ఇక భద్రత. వెల్డింగ్, గ్రైండింగ్ పెద్దవాళ్లే చేస్తారు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎవరినీ వెళ్లనివ్వం, స్టాండ్లు ఉండాల్సిందే. బగ్గీని మాస్టారే నడుపుతారు, అదీ మన గ్రౌండులోనే. మైనర్ రోడ్డు మీద బండి నడిపి నేరం జరిగితే మోటారు వాహనాల చట్టం 199ఏ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఇంట్లో స్కూటీ తాళం ఇచ్చేముందు కూడా ఇది గుర్తుంచుకోండి.

వచ్చే శనివారం నుంచి పని మళ్లీ మొదలవుతుంది. మీ సంతకంతో అనుమతి పత్రం పంపండి. పిల్లలు నూలు బట్టలు, పూర్తిగా మూసిన బూట్లు వేసుకుని రావాలి. చున్నీలు, వేలాడే గొలుసులు వద్దు, జడలు పైకి కట్టాలి. కళ్లకు రక్షణ అద్దాలు బడిలోనే ఇస్తాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు