ఆ పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య కాదు

సంపాదకులకు,

మీ పిల్లల పేజీలో 4,29,49,67,297ను ప్రధాన సంఖ్యగా (ఒకటి, తాను తప్ప వేరే ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించనిదిగా) వేశారు. కాదండీ. 32 రెండులను ఒకదానితో ఒకటి గుణించి, ఒకటి కలిపితే వచ్చేది అది. ఫెర్మా అంతటి గణితవేత్తా ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపాడు, భాగఫలం 67,00,417.

ఆ పెద్ద సంఖ్యను శేషం లేకుండా భాగించే కారకం ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపినట్టే ఉంటుంది. అలా వచ్చే ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదో భాగహారానికే దొరికిపోతుంది! పరకాల దగ్గరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించేవాణ్ణి. 577 దాకా ఒకటే విసుగు, 641 దగ్గర శేషం సున్నా రాగానే ఒకటే గోల. (క్యాలిక్యులేటర్ ఇస్తే ఆ గోల ఉండదు.)

సవరణ వేసేటప్పుడు దయచేసి జవాబు చెప్పేయకండి, 193తో మొదలుపెట్టమనండి.

— విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, హనుమకొండ