ఈ వేసవిలో మా సైటు మీకెందుకు కనిపించలేదంటే

అందరికీ నమస్కారం. "ఏమండీ, గూగుల్లో మీ పేరు కొడితే సైటు రావట్లేదు, పచ్చళ్లు మానేశారా?" అని ఆవకాయ రోజుల్లో చాలామంది ఫోన్ చేశారు. మానెయ్యలేదండీ. తప్పు మా దగ్గరే జరిగింది.

ఫిబ్రవరిలో సైటు కొత్తగా కట్టించాం. పని సగంలో ఉన్నప్పుడు ఎవరి కంటా పడకుండా పేజీల్లో 'నోఇండెక్స్' అనే మాట పెడతారు. అది ఉన్నంతకాలం గూగుల్ ఆ పేజీని చూపించదు. సైటు తెరిచిన రోజు దాన్ని తీసెయ్యాలి, తియ్యలేదు. తీశారా అని నేనూ అడగలేదు. మా ఏడాది అమ్మకాలకి ప్రాణంలాంటి ఏప్రిల్, మే నెలలు అలాగే పోయాయి.

ఈలోగా ఒకాయన డబ్బు కడితే మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. కంగారులో కట్టేశాను. ఆయన చేసిందల్లా కీవర్డ్స్ ట్యాగు (పేజీ దేని గురించో చెప్పే మాటలు రాసే, చదివేవాళ్లకి కనపడని చోటు) నిండా మాటలు కూరడం. ర్యాంకింగులో ఆ ట్యాగుని లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరనీ చెబుతుంది. ఇవన్నీ నాకు డబ్బు కట్టాక తెలిశాయి. చివరికి జూన్‌లో మా అబ్బాయి సెర్చ్ కన్సోల్ తెరిచాడు, సైటు ఉన్నవాళ్ల కోసం గూగుల్ పెట్టిన పనిముట్టు. అది ఉచితం. ఏ పేజీ ఎందుకు రావట్లేదో అందులోనే రాసి ఉంది. మీలో సైటు ఉన్నవాళ్లు ముందు అక్కడ చూసుకోండి.

మీరు వాట్సాప్‌లో దాచుకున్న పాత లింకులు కూడా తెగిపోయాయి. వాటన్నిటికీ 301 రీడైరెక్టు, అంటే పాత చిరునామా నుంచి కొత్తదానికి పంపే ఏర్పాటు, పెట్టించాం, ఇప్పుడు నొక్కితే సరైన పేజీకే వెళ్తాయి.

పేజీలు మాత్రం నేనే కూర్చుని తిరగరాశాను. ఇదివరకు వివరాలన్నీ రంగుల పోస్టర్ల మీద ఉండేవి. బొమ్మలోని అక్షరాల మీద గూగుల్ పెద్దగా ఆధారపడదు, చూపు ఆనక ఫోన్ చేత చదివించుకునేవాళ్లకీ అవి అందవు. ఏం రాయాలో మీ ప్రశ్నలే చెప్పాయి. "ఆవకాయలో నూనె పైకి తేలట్లేదు, పాడైనట్టేనా?" అని ఎంతమంది అడిగారో! పాడైనట్టు కాదు, ముక్క నూనెలో మునగాలి, అంతే. తగ్గితే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పొయ్యండి. తడి గరిటె పెట్టకండి. ఇదే జవాబు ఇప్పుడు ఆవకాయ పేజీలో ఉంది. మనవాళ్లు ఆవకాయని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా కొడతారు కాబట్టి ఆ స్పెల్లింగులూ ఒక్కోసారి రాశాను. పదేపదే రాస్తే చదివేవాళ్లకి విసుగు, గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది.

ఇంకొకటి. పోయినేడు ఐదు నక్షత్రాల రివ్యూకి 50 రూపాయలు తగ్గించాం. అది గూగుల్ నియమాలకి విరుద్ధం, ఆ రివ్యూలు నమ్మి కొనేవాళ్లకి అన్యాయం. ఆపేశాం. తగ్గింపు కోసం రాసినవాళ్లుంటే దయచేసి తీసెయ్యండి. కారం ఎక్కువైందనిపిస్తే అదే రాయండి, నేను చదువుతాను.

మాగాయ అయిపోయింది. వెల్లుల్లి ఆవకాయ, బెల్లం ఆవకాయ ఇంకా జాడీల్లో ఉన్నాయి.