పాత లారీ ఏసీకి ఏటా గ్యాసు కొట్టిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరకు వాహనాల క్యాబిన్లలో ఏసీని తప్పనిసరి చేస్తూ కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులో జారీ చేసిన నోటిఫికేషన్ 2025లో అమలులోకి వచ్చింది. డ్రైవర్ల కష్టాన్ని ఆలస్యంగానైనా గుర్తించినందుకు సంతోషించవలసిందే. అయితే ఆ నిబంధన కొత్తగా తయారయ్యే లారీలకే వర్తిస్తుంది. చీమకుర్తి గ్రానైట్, జగ్గయ్యపేట సిమెంటు, గుంటూరు మిర్చి మోస్తూ ఎర్రటి ఎండలో తిరిగే బండ్లలో పాతవి తక్కువేమీ కావు. వాటిలో కొన్నింటికి యజమానులు సొంత ఖర్చుతో బయట ఏసీ కిట్లు బిగించుకున్నారు. ఆ కిట్లు నాలుగైదేళ్ళు గడిచేసరికి ఎందుకు మూలన పడుతున్నాయన్నది లారీ యజమానిగా నేను దగ్గరి నుంచి చూస్తున్న విషయం కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏసీ చల్లబరచడం లేదని షెడ్డుకు బండి తీసుకువెళితే తొంభై పాళ్ళు వినిపించే మాట "గ్యాసు అయిపోయిందండీ, కొట్టిద్దాం" అన్నదే. డీజిల్ లాగా గ్యాసు ఖర్చయిపోయే వస్తువు కాదు. గ్యాసును నొక్కే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమను పీల్చే డ్రయర్, ఒత్తిడి తగ్గించి సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు, కూలింగ్ కాయిల్ మధ్య మూసి ఉన్న దారిలో అది తిరుగుతూనే ఉంటుంది. ఏటా తగ్గిపోతున్నదంటే ఎక్కడో కారుతున్నదన్న మాట. రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా తప్పించుకుపోయే గ్యాసు వేరు, ఒక్క వేసవిలోనే చల్లదనం పోయేంత లీకు వేరు. ఈ రెండో దాన్ని పట్టుకోవడానికి చాలాసార్లు పరికరం కూడా అక్కరలేదు. గ్యాసుతో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది కాబట్టి గొట్టం, దాని ఇనుప మూతి కలిసే చోట నల్లని జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్ము కనిపిస్తాయి. కంప్రెసర్ షాఫ్టు సీలు పోయి ఉంటే దాని క్లచ్ తిరిగే వరుసలో చుట్టూ ఆయిల్ చింది ఒక చార కడుతుంది. టార్చిలైటు పట్టుకొని పది నిమిషాలు వెతికితే దొరికే జాడ ఇది. ఆ పది నిమిషాలకు కూలి ఎవరూ ఇవ్వరు, గ్యాసు కొట్టినందుకైతే ఇస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇక ఆ గ్యాసు కొట్టే తీరు చూద్దాం. గొట్టాలు విప్పాక లోపలికి చేరిన గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట సేపు లాగి, పంపు ఆపి, గేజి ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూసిన తరువాతే గ్యాసు ఎక్కించాలి. మా వైపు కొన్ని షెడ్లలో పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే వాక్యూమ్ పంపుగా పెట్టి పది నిమిషాల్లో ముగిస్తున్నారు. లీకు పరీక్షకు నైట్రోజన్ బదులు టైర్లలో కొట్టే గాలినే ఎక్కించేవారూ ఉన్నారు, ఆ గాలితో పాటు నీటి ఆవిరి కూడా లోపలికి పోతుంది. మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. సిస్టమ్ విప్పిన ప్రతిసారీ మార్చవలసిన డ్రయర్‌ను మార్చకుండా వదిలేయడం దీనికి తోడు.

1990ల నాటి కిట్లది మరొక కథ. అవి ఆర్‌-12 అనే, ఓజోన్ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీ రకం గ్యాసుకు తయారైనవి. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం మేరకు మన దేశంలో సీఎఫ్‌సీల ఉత్పత్తి, ఆస్తమా రోగులు పీల్చే పంపుల అవసరానికి తప్ప, 2008 ఆగస్టు 1 నాటికి ఆగిపోయింది. అటువంటి పాత కిట్టులో ఆ గ్యాసు స్థానంలో వచ్చిన ఆర్‌-134ఎ ఊరికే కొట్టేస్తే పని నడవదు. పాత మినరల్ ఆయిల్ ఈ కొత్త గ్యాసులో కలవదు కనుక తిరిగి కంప్రెసర్‌కు చేరదు, ఆయిల్ అందని కంప్రెసర్ బిగుసుకుపోతుంది. ఆ ఆయిల్ తీసి తగినది పోయాలి, 'ఓ' రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు చుట్లు), గొట్టాలు, డ్రయర్ మార్చాలి, గ్యాసు కూడా పాత కొలతలో 80 నుంచి 90 శాతమే ఎక్కించాలి. ఇంత చేయించుకునే కంటే కొత్త కిట్టు నయమా అంటే, కూలింగ్ కాయిల్, కంప్రెసర్ బాగున్న బండికి మరమ్మతే చవక. కంప్రెసర్ లోపల అరిగి ఇనుప రజను కండెన్సర్‌లోకి చేరి ఉంటే మాత్రం మార్పిడే దారి. సన్నని అరలున్న నేటి కండెన్సర్లలో చేరిన రజను కడిగినా పోదు. దాన్ని అలాగే ఉంచి కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగిస్తే అదీ కొద్ది నెలలకే పాతదాని దారి పడుతుంది.

తక్కువ ఖర్చు పేరుతో ఆర్‌-134ఎకు బదులు వంట గ్యాసు ఎక్కించే పద్ధతి గురించి వేరే చెప్పాలి. అది చల్లబరచే మాట నిజమే. కాని ఆ సిస్టమ్ మండే గ్యాసు కోసం తయారైనది కాదు, కాయిల్ కారితే అది చేరేది డ్రైవరు నిద్రపోయే క్యాబిన్‌లోకే. కల్తీ గ్యాసు కూడా తేలికగా తీసుకునేది కాదు. 2011లో మిథైల్ క్లోరైడు కలిసిన నకిలీ ఆర్‌-134ఎ ఎక్కించిన శీతల కంటైనర్లు వియత్నాం, బ్రెజిల్‌లలో పేలి కార్మికులు చనిపోయారు. ఆ రసాయనం లోపలి అల్యూమినియంతో కలిసి గాలి తగలగానే అంటుకునే పదార్థంగా మారుతుంది.

ఏసీని మాత్రమే తప్పు పట్టడం కూడా న్యాయం కాదు. మన పాత లారీలు చాలా వరకు కంపెనీ నుంచి చాసిస్‌గా వచ్చి ఇక్కడి బాడీ షెడ్లలో చెక్కతో, రేకుతో క్యాబిన్ కట్టించుకున్నవి. ఇంజిన్ డ్రైవరుకు, క్లీనరుకు మధ్యనే ఉంటుంది. ఇంజిన్ మూతకు వేడిని ఆపే దళసరి పరుపు, పైకప్పు రేకు కింద ఒక పొర, తలుపులకు రబ్బరు బీడింగు లేకుండా ఎంత పెద్ద కిట్టు బిగించినా అది రోడ్డుకు చల్లదనం పంచడమే. రేడియేటర్ ముందు కండెన్సర్ పెట్టాక ఇంజిన్ మీద వేడి భారం పెరుగుతుంది కాబట్టి, మట్టి పట్టిన రేడియేటర్‌ను ముందే శుభ్రం చేయించాలి. 45 డిగ్రీల ఎండలో హై సైడు (కంప్రెసర్ నుంచి గ్యాసు బయటికి వచ్చే వైపు) ఒత్తిడి 250 పీఎస్ఐ దాటడం మామూలే. గాలి సరిగా ఆడకపోతే ఇంకా పెరిగి ఏ బలహీనమైన గొట్టాన్నో చీల్చుతుంది.

ఈ మధ్య బెల్టు తగాదా లేని, పైకప్పు మీద పెట్టే బ్యాటరీ ఏసీలు వచ్చాయి. ఇంజిన్ ఆపి నిద్రపోయే డ్రైవరుకు అవి మంచివే. 24 వోల్టుల మీద 30 ఆంపియర్లు లాగే యూనిట్ అంటే 720 వాట్లు. బ్యాటరీలను చార్జి చేసే పాత ఆల్టర్నేటర్ దానికి చాలుతుందా అని ముందు చూడాలి. 12 వోల్టుల యూనిట్ చవకగా దొరికిందని 24 వోల్టుల కోసం వరుసగా కలిపిన రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే తీగ లాగడం మరీ అన్యాయం. ఒక బ్యాటరీ ఎండిపోతుంది, రెండోది అతిగా చార్జయి ఉబ్బుతుంది.

ప్రభుత్వాలను అడగవలసినది ఇక్కడ ఉంది. 2019 మార్చిలో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నది. నాకు తెలిసిన ఆటోనగర్ షెడ్లలో అలాంటి ధ్రువపత్రం ఉన్నవారు ఒక్కరూ కనిపించలేదు. అక్కడి కుర్రవాళ్ళకు తెలివి లేక కాదు, పని చూసి నేర్చుకోవడం తప్ప వేరే దారి లేక. ఐటీఐలు సాయంత్రం పూట వాహన ఏసీలపై చిన్న కోర్సు పెట్టి, పరీక్ష తెలుగులో జరిపితే వస్తారు. బండి విప్పే ముందు మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి తిరిగి లాగే యంత్రం చిన్న షెడ్డువారు కొనుక్కోలేరు. ఆర్‌-134ఎ ఒక కిలో గాలిలో కలిస్తే నూరేళ్ళ లెక్కన 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత చేటు. ఈ తరహా గ్యాసుల వాడకాన్ని 2032 నుంచి దశలవారీగా తగ్గిస్తామని మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ కింద మాట ఇచ్చిన దేశం, ఒక్కో ఆటోనగర్‌కు ఒకటి రెండు యంత్రాలను అద్దెకు అందుబాటులో ఉంచలేదా?

లారీ యజమానుల సంఘాలు కూడా ఒక పని చేయవచ్చు. లీకు ఎక్కడ దొరికింది, వాక్యూమ్ ఎంతసేపు లాగారు, గ్యాసు ఎన్ని గ్రాములు, ఆయిల్ ఏది అన్న వివరాలు బిల్లుపై రాసి ఇచ్చే షెడ్లకే తమ సభ్యుల బండ్లను పంపాలి. మిర్చి లోడ్ల హడావిడి మొదలైతే బండిని ఒక రోజు ఆపడానికి ఎవరికీ మనసొప్పదు కాబట్టి, ఈ తనిఖీ సంక్రాంతి వెళ్ళిన వెంటనే పెట్టుకోవడం మేలు. చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపమని డ్రైవర్లకు చెప్పాలి, అలా నడిపితేనే షాఫ్టు సీలు ఆయిల్‌తో తడిసి ఎండిపోకుండా ఉంటుంది.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
విజయవాడ